బాలకుమారి టీచరు గుర్తుపట్టిన ముఖం

జంషెడ్‌పూర్ టెల్కో కాలనీలో బాలకుమారి టీచరుకి తెలియని ముఖం లేదని ప్రతీతి. ఆ ప్రతీతిని పుట్టించింది ఆవిడే, పెంచి పోషించిందీ ఆవిడే. ఓ తరం మొత్తానికి లెక్కలు చెప్పి రిటైరైన మనిషి. సాయంత్రం మార్కెట్‌కి వెళ్తే కూరల కంటే పాత విద్యార్థుల్నే ఎక్కువగా ఏరేది. బట్టతల వచ్చినా, మీసం నెరిసినా, పొట్ట చొక్కా గుండీలతో పేచీ పెట్టుకున్నా సరే, ఆవిడ చూపు నుంచి తప్పించుకోవడం కష్టం. "అరే, తూ రూఫస్ హై నా? కిటికీ పక్క బెంచీ!" అని నడిరోడ్డు మీద ఆపేసేది. ఆ మనిషి స్కూటర్ దిగి కాళ్లకు దండం పెట్టేవాడు.

దండం పెట్టిన వాళ్లలో కొందరు రూఫస్‌లు కారు. ఒకాయనైతే ఆవిడ పని చేసిన బడి గేటు కూడా చూసి ఎరగడు, ధన్‌బాద్ నుంచి బదిలీ మీద వచ్చిన ఇంజనీరు. కానీ తల నెరిసిన పెద్దావిడ అంత గట్టిగా చెబుతుంటే కాదనడం బాగుండదని దండం పెట్టి, పక్కనున్న భార్యకు "హమారీ పురానీ టీచర్", మా పాత టీచరు అని పరిచయం కూడా చేసి చక్కా పోయాడు. టీచరు గారి జీవితం అలా నడిచింది. తప్పు చెబితే దిద్దే నాథుడు లేడు. బడిలో పిల్లలకు భయం, బజారులో పెద్దవాళ్లకు మొహమాటం. దిద్దనివన్నీ ఒప్పులేనని లెక్క వేసుకుంటే ఆవిడ ఏనాడూ తప్పు చేసినట్టు కాదు.

ఇంట్లో భర్త తోమాస్ గారు ఉన్నారు గానీ ఆయన దిద్దే రకం కాదు. ట్రక్కుల ఫ్యాక్టరీలో ఫిట్టరుగా చేసి బయటికొచ్చిన మనిషి, తండ్రి కాలంలో విజయనగరం వైపు నుంచి వచ్చిన కుటుంబం. ఏ సంగతీ ఖాయంగా చెప్పడం ఆయనకు చేతకాదు. కూరలో ఉప్పు సరిపోయిందా అంటే "ఏటో, సరిపోయినట్టే ఉంది" అంటారు. ఆకాశం నల్లగా మూసుకొచ్చినా, వాన పడుతుందా అంటే "ఏటో" అనే అంటారు. "అవునో కాదో చెప్పడానికి కూడా మీకు ఓవర్‌టైం కట్టాలా?" అని ఆవిడ కసురుకునేది. ఆయన నవ్వి ఊరుకునేవారు.

వేసవి చివర ఒక సాయంత్రం ఇద్దరూ మార్కెట్ నుంచి నడిచి వస్తున్నారు. షిఫ్టు బస్సులు వెళ్లిపోయి రోడ్డు కాస్త ఖాళీగా ఉంది. వెనక నుంచి నల్ల మోటార్ సైకిల్ ఒకటి వచ్చి పక్కన నెమ్మదించింది. దాని మీద ఉన్నవాడు ముక్కు దాకా గంఛా తువ్వాలు చుట్టుకున్నాడు. చెయ్యి చాపాడు, టీచరు మెడలోని సిలువ గొలుసు తెంపుకున్నాడు, పోయాడు. మలుపు దగ్గర ఒక్కసారి వెనక్కి తిరిగి చూశాడు. అంతే జరిగింది. మెడ మీద గీరుకుపోయిన చోట రక్తం చిమ్మింది, సంచీలోని టమాటాలు రోడ్డు మీద దొర్లాయి.

ఠాణాలో ఇన్‌స్పెక్టరు ముందుగా తోమాస్ గారిని అడిగాడు. "ఏటో సాబ్, హమ్‌కో తో ధూల్ హీ దిఖా" అన్నారాయన. ఆయనకు కనబడింది దుమ్ము, అదే చెప్పారు. ఇన్‌స్పెక్టరు కలం మూసేశాడు. అప్పుడు బాలకుమారి టీచరు కుర్చీలో నిటారుగా కూర్చుని, "మైనే దేఖా హై. ఆంఖేఁ దేఖీ హైఁ. ఫిర్ దిఖేగా తో పకడ్ లూఁగీ" అంది. చూశాను, కళ్లు చూశాను, మళ్లీ కనబడితే పట్టేస్తాను అని. ఇన్‌స్పెక్టరు కలం మళ్లీ తెరిచాడు, ఆవిడకు టీ తెప్పించాడు. తోమాస్ గారికి టీ రాలేదు. లోకం తీరు అదే మరి. తెలియనివాడు తెలియదంటే పనికిమాలినవాడు, తెలియనివాడు తెలుసంటే సాక్షి.

వారం తిరక్కుండానే ఒక మనిషిని పట్టుకున్నారు. పేరు అమర్. బిర్సానగర్‌లో ఉంటాడు, గమ్హరియాలో ఒక చిన్న వర్క్‌షాపులో కాంట్రాక్టు పని. తాతల నాడు శ్రీకాకుళం నుంచి వచ్చిన కుటుంబమే. అతని దగ్గర గొలుసు దొరకలేదు. దొరికింది నల్ల మోటార్ సైకిల్ ఒకటి, అదీ బావమరిదిది. జంషెడ్‌పూర్‌లో నల్ల మోటార్ సైకిళ్లకు కొదవా? కాబట్టి కేసు నిలబడాలన్నా కూలాలన్నా టీచరు గారి మాట ఒక్కటే ఆధారం. ఆ సంగతి ఇన్‌స్పెక్టరు ఆవిడకు విడమరిచి చెప్పాడు. ఆవిడకు అది బరువుగా అనిపించలేదు, గౌరవంగా అనిపించింది.

జైల్లో మేజిస్ట్రేటు ఎదుట కొందరిని వరసగా నిలబెట్టారు. ఆవిడ ఒక చివర నుంచి చూస్తూ వచ్చింది. మొదటివాడు ఎవరో. రెండోవాడూ ఎవరో. ఆ తరువాతి వాడి దగ్గరికి వచ్చేసరికి లోపల ఏదో టక్కున అతుక్కుంది. ఈ ముఖం నాకు తెలుసు! ఎంత బాగా తెలుసంటే, ఒళ్లు జలదరించింది. ఆ మనిషి ఆవిడను చూసి నవ్వాడు కూడా. మెడ తెంపినంత పని చేసి, ఎదురుగా నిలబడి నవ్వుతాడా! ఆవిడకు అరికాలి మంట నెత్తికెక్కింది.

"ఇస్‌కే జైసా హీ థా" అంది. ఇతనిలాగే ఉన్నాడు అని. న్యాయంగా చెప్పుకోవాలంటే, ఆవిడ నోటి నుంచి మొదట వచ్చిన మాట అదే. "జైసా, యా యహీ?" అని మేజిస్ట్రేటు అడిగాడు. లాగానా, ఇతనేనా అని. టీచరు గారు జీవితంలో ఎవరి దగ్గరా సగం మార్కుల జవాబు ఒప్పుకోలేదు, తను మాత్రం ఇస్తుందా? "యహీ" అంది, ముఖం గుర్తులు కూడా చెప్పి రాయించింది.

బయటికొచ్చాక ఇన్‌స్పెక్టరు "శాబాష్ మేడమ్, బిల్‌కుల్ సహీ పకడా" అన్నాడు, సరిగ్గా పట్టేశారని. ఆ శాబాష్‌తో "లాగే" అన్న మాట జ్ఞాపకంలోంచి కూడా ఊడిపోయింది. ఇంటికొచ్చి తోమాస్ గారికి చెప్పినప్పుడు "చూడగానే పట్టేశాను" అయింది. ఆదివారం ఆరాధనయ్యాక గుడిలో ఆడవాళ్లకు చెప్పేసరికి దొంగ ముక్కు కూడా కనబడింది. నెల తిరిగేసరికి గంఛా పూర్తిగా జారిపోయి పెదవులు, గడ్డం, ఆ వెకిలి నవ్వు అన్నీ రోడ్డు మలుపు దగ్గరే చూసినట్టు స్పష్టంగా చెప్పేది. ఆవిడ అబద్ధమాడే మనిషి కాదు. ప్రతిసారీ తనకు గుర్తున్నదే చెప్పింది.

"గంఛా కట్టుకున్నాడన్నావు కదే" అన్నారు తోమాస్ గారు ఒకసారి.

"కట్టుకుంటే? నాకు కనబడింది."

"ఏటో మరి" అన్నారాయన.

అమర్‌కి బెయిల్ దొరకలేదు. సాక్షి అంత గట్టిగా ఉంటే ఎవరిస్తారు? వానలు వచ్చాయి, పోయాయి. డిసెంబరు వచ్చింది. రాంచీలో కాలేజీ పిల్లలకు మనస్తత్వశాస్త్రం చెప్పే కూతురు యూనిస్ సెలవులకు ఇంటికొచ్చింది. తల్లీ కూతురూ కలిసి గులాబీ పువ్వులు వండారు. పిండిలో అచ్చు ముంచి నూనెలో వదిలే ఆ తీపి పూలు లేకుండా వాళ్లింట క్రిస్మస్ జరగదు.

ఒక సాయంత్రం గుడి యూత్ వాళ్లు ఇంటింటికీ పాటలు పాడుతూ వచ్చారు. రోనాల్డ్ ముందు నిలబడి పాడుతున్నాడు, మిగతావాళ్లు అందుకుంటున్నారు. వెనక ఒక కుర్రాడు ఢోలక్ మీద చేతులు పడేస్తున్నాడు గానీ తాళం పాటకు ముందైనా పోతోంది, వెనకైనా పడుతోంది. టీచరు గారికి లెక్క తప్పితే ఒంటికి పడదు. పాట అవగానే గులాబీ పువ్వుల పళ్లెం పట్టుకుని వచ్చి నిలదీసింది.

"ఏరా రోనాల్డ్, మన ఢోలక్ అబ్బాయి ఏడిరా? ప్రతి ఏడూ వచ్చేవాడు కదా."

"కౌన్, ఆంటీ?"

"అదేరా, మన గుడి పిల్లాడు కాదు, మీరు బిర్సానగర్ నుంచి తెచ్చుకునేవాళ్లు. లోపలికి రమ్మంటే గుమ్మం దగ్గరే నిలబడేవాడు. గులాబీ పువ్వులు పెడితే ఒకటి తిని ఒకటి జేబులో వేసుకునేవాడు, ఇంట్లో ఆవిడకట. ఎడం కనుబొమ్మ మధ్యలో గాటుండేది చూడు, నవ్వితే ఆ కన్ను కొంచెం చిన్నదై..."

అక్కడ ఆగిపోయింది. వాక్యం సగంలో, నోరు తెరిచి ఉండగానే ఆగిపోయింది. గాటున్న ఎడం కనుబొమ్మ, నవ్వితే చిన్నదయ్యే కన్ను. ఈ గుర్తులే ఆవిడ జైల్లో మేజిస్ట్రేటుకు చెప్పి రాయించింది.

"అచ్ఛా, అమర్ భయ్యా!" అన్నాడు రోనాల్డ్. "పతా నహీఁ ఆంటీ, కిత్‌నే మహీనోఁ సే ఫోన్ హీ నహీఁ లగ్తా." నెలల తరబడి ఫోనే కలవడం లేదని చెప్పి అతను పళ్లెంలోంచి ఒక పువ్వు తీసుకున్నాడు. యూనిస్ తల్లి చేతిలోంచి పళ్లెం అందుకుంది.

పిల్లలు వెళ్లిపోయాక టీచరు సోఫాలో కూలబడింది. "వాడు నన్ను చూసి నవ్వాడే" అంది. "మన తెలుగావిడ, టీచరమ్మ వచ్చింది, నేనెవరో చెప్పి విడిపిస్తుందనుకుని నవ్వాడే! నేను దొంగ నవ్వనుకున్నాను." చెప్పి ఏడ్చింది. పెళ్లయిన ఇన్నేళ్లలో ఆవిడ అలా ఏడవడం తోమాస్ గారు చూడలేదు. ఏం చెయ్యాలో తెలియక మంచినీళ్లు తెచ్చి పట్టుకుని నిలబడ్డారు.

యూనిస్‌కి ఇదంతా పాఠంలో ఉన్నదే. కానీ తల్లికి పాఠం చెప్పడం ఆ ఇంట్లో అలవాటు లేని పని, అందుకని మెల్లగా మొదలుపెట్టింది.

"అమ్మా, మనం ఒకటి తేల్చుకున్న ప్రతిసారీ మన మెదడు దాని మీద 'ఇంత నమ్మకం' అని తనే ముద్ర వేస్తుంది. నిజాన్ని కొలిచి వేస్తుందనుకుంటాం. చాలాసార్లు అది చూసేది ఎంత సులువుగా తట్టిందా అనే. అమర్ ముఖం నీకు సులువుగా తట్టింది, తెలిసిన ముఖం కాబట్టి. తెలుసు అన్నది నిజమే. ఎక్కడ తెలుసో తప్పిపోయింది. తరవాత ఆ ఇన్‌స్పెక్టరు శాబాష్ అన్నాడు చూడు, దాంతో ముద్ర ఇంకా ముదిరింది."

"తప్పు చేస్తే నాకు తెలిసిపోతుందే యూనీ! బోర్డు మీద ఒక్క అంకె తప్పు పడినా నా చెయ్యి ఆగిపోయేది."

"ఏడు ఎనిమిదులు యాభై నాలుగని రాస్తే ఆగేది. యాభై ఆరు నీ లోపల ఉంది కనక. చెయ్యి జరిగిన రెప్పపాటులో మెదడు రెండూ పోల్చుకుని ఉలిక్కిపడుతుంది, మనం నాలుక కరుచుకుంటాం. దొంగ ముఖం నీ లోపల లేదమ్మా, కళ్లు తప్ప. పోల్చడానికి ఒప్పు లేకపోతే తప్పు ఎలా తెలుస్తుంది?"

టీచరు కళ్లు తుడుచుకుంది. తప్పు తేలిపోయింది కాబట్టి ఇక దిద్దడమే తరువాయి అనుకుంది. "అయితే దొంగ అమర్ కాదన్నమాట" అంది, వెనకటి గొంతుతో.

యూనిస్ తల అడ్డంగా ఊపింది. "అది నేనెలా చెప్పను? ఢోలక్ వాయించేవాడు గొలుసు తెంపడని ఏముంది? ఆ ముఖం నీకెందుకు తెలుసో ఇప్పుడు తెలిసింది. దొంగెవరో మనకి తెలీదు."

ఇది ఆవిడకు అన్నిటికంటే కష్టంగా తోచింది. ఒప్పు అంటే ఒప్పు, తప్పు అంటే తప్పు. ఈ నడిమధ్య చోట నిలబడి ఆవిడకు అలవాటు లేదు.

మర్నాడే ఠాణాకు వెళ్లింది. ఇన్‌స్పెక్టరు ఈసారి టీ తెప్పించలేదు. "కిసీ నే ధమ్‌కాయా క్యా?" అని అడిగాడు. ఎవరూ బెదిరించలేదని, తనకే సందేహం వచ్చిందని చెప్పింది. సందేహాలు కోర్టులో చెప్పుకోండి, మేజిస్ట్రేటు ముందు మీరు సంతకం చేశారు అన్నాడు. గుడిలో ఆదిబాబు గారనే పెద్దాయన పక్కకు పిలిచి, దొంగను క్షమించడం మంచిదే గానీ దానికోసం అబద్ధమాడనక్కర్లేదమ్మా అని హితవు చెప్పాడు. కాలనీలో వయసు మీద పడిందన్నారు కొందరు, భయపడిందన్నారు కొందరు. ఆవిడ లేని ముక్కూ పెదవులూ వర్ణించినప్పుడు నోరెళ్లబెట్టి విన్న వాళ్లే వీళ్లంతా. ఉన్న సంగతి చెబుతానంటే ఒక్కరూ నమ్మలేదు.

మార్చిలో సాక్ష్యానికి పిలుపు వచ్చింది. కోర్టు హాల్లో ఒక పక్కన అమర్ నిలబడ్డాడు. చిక్కిపోయాడు. ఆవిడను చూసి ఈసారి నవ్వలేదు, తల దించుకున్నాడు. వెనక బెంచీ మీద అతని భార్య ఈశ్వరి చంకలో నెలల పిల్లతో కూర్చుని ఉంది. ఆ పిల్ల తండ్రి జైల్లో ఉండగా పుట్టిందని చూస్తేనే తెలుస్తోంది. టీచరు ఆ పిల్ల వంక రెండోసారి చూడలేకపోయింది.

సర్కారీ వకీలు అలవాటుగా అడిగేశాడు, గొలుసు తెంపిన మనిషి ఈ హాల్లో ఉన్నాడా అని.

ఆవిడ అమర్ వైపు చూసింది. ఈ ఒక్క జవాబు కోసం మూడు నెలలు నిద్ర పోగొట్టుకుంది. ఇతను కాదు అని గట్టిగా ఒక్క మాట అనేస్తే పని సులువు. ఆవిడ గొంతులో గట్టిదనానికి ఇప్పటికీ లోటు లేదు, జడ్జి గారు తప్పకుండా నమ్ముతారు. కానీ అదీ తెలియకుండా తెలుసు అనడమే అవుతుంది. ఒకసారి అలా అన్నందుకే ఒక మనిషి ఇన్ని నెలలు లోపలున్నాడు.

"ఈ మనిషి నాకు తెలుసు" అంది హిందీలో, అక్షరం అక్షరం నిదానంగా. "క్రిస్మస్ పాటలకు మా ఇంటికి వచ్చి ఢోలక్ వాయించేవాడు. అందుకే ఆ రోజు ముఖం గుర్తుపట్టాను. గొలుసు తెంపింది ఇతనా కాదా అన్నది నాకు తెలియదు. అప్పుడూ తెలియదు. తెలుసుననుకున్నాను."

వకీలు అదిరిపడి, జడ్జి గారి అనుమతితో ఆవిడకు ఎదురు ప్రశ్నలు వెయ్యడం మొదలుపెట్టాడు. ఎంత ముట్టింది? ఎవరు భయపెట్టారు? ఈ వయసులో జ్ఞాపకం సరిగ్గా ఉంటుందా? మొదట చెప్పింది నిజమా, ఇప్పుడు చెప్పేది నిజమా? చివరికి ఆవిడను హోస్టైల్ అన్నారు. మాట మార్చిన సాక్షి అని అర్థం. జీవితమంతా మాట మీద నిలబడినందుకు పేరు తెచ్చుకున్న మనిషికి, మొదటిసారి ఉన్నదున్నట్టు చెప్పినందుకు దక్కిన బిరుదు అది.

ఇంకే ఆధారమూ లేదు గనక, ఆ తరువాతి నెలలో తీర్పు వచ్చింది. తగిన సాక్ష్యం లేనందున ముద్దాయిని విడిచిపెట్టారు. టీచరు ఆ రోజు కూడా కోర్టుకు వెళ్లింది. తోమాస్ గారు వస్తానంటే వద్దంది. అమర్ ఆలూమగలతో ఏం మాట్లాడాలో దారి పొడవునా వల్లె వేసుకుంది. క్షమించమని అడగాలి, పిల్ల పేరేమిటో అడగాలి, వర్క్‌షాపుకి తనే వచ్చి మాట్లాడతానని చెప్పాలి. ఊరు ఊరంతా హోస్టైల్ అన్నా భయపడకుండా నిజం చెప్పాను కదా అని లోపల ఓ మూల కాస్త గర్వం కూడా ఉంది. కాళ్లకు దండం పెడతారేమో, పెట్టనివ్వకూడదు అని కూడా అనుకుంది.

సాయంత్రానికి అమర్ విడుదలై బయటికి వచ్చాడు. ఈశ్వరి పిల్లను ఎత్తుకుని పక్కనే ఉంది. ఎవరూ దండం పెట్టలేదు. టీచరు అనుకున్నవన్నీ తడబడుతూ చెప్పింది. వర్క్‌షాపు మాట రాగానే అమర్ తల ఎత్తాడు.

"వద్దు టీచరమ్మా. నిన్ననే ఈశ్వరి ఫోన్ చేసింది. ఠేకేదారు, అదే మా కాంట్రాక్టరు, ఒక్కటే మాటడిగినాడు. ఆ మేడమ్ నువ్వు కాదని చెప్పిందా, తెల్దని చెప్పిందా అని."

ఈశ్వరి అందుకుంది. "మా వీధిలో కూడా అదే అడుగుతన్నారమ్మా. సాక్ష్యం నేక ఒగ్గేస్తారంతే, మీ ఆయన మంచోడని ఎవలు చెప్పినారు అంటన్నారు. ఏటి చెప్పమంటారు మమ్మల్ని?"

ఆటోల హారన్ల మధ్య ముగ్గురూ నిలబడ్డారు. పిల్ల నిద్రలో కదిలింది. అమర్ ఒక అడుగు ముందుకేసి ఆవిడకు ఎదురుగా వచ్చి నిలబడ్డాడు, ముఖం బాగా కనబడేట్టు.

"కోర్టు మాట అయిపోయింది. ఇక్కడ ఎవల్లేరు. నన్ను సరిగ్గా సూసి సెప్పండమ్మా. మీ గొలుసు తెంపినోడిని నేనేనా?"

ఆవిడ చూసింది. ఏళ్లుగా తన గుమ్మంలో నిలబడిన ముఖం. కాదు నాయనా అని ఒక్క మాట అంటే ఆ ముఖం వెలిగిపోతుందని ఆవిడకు తెలుసు. ఆ మాట అనాలని ప్రాణం కొట్టుకుపోయింది. రోడ్డు మలుపును, వెనక్కి తిరిగిన ఆ కళ్లను మళ్లీ తలుచుకుంది. ఎంత వెతికినా అక్కడ కనబడింది అమర్ ముఖమే. తనే తెచ్చి అక్కడ అతికించిన ముఖం, ఇప్పుడు పీకినా ఊడి రావడం లేదు.

"తెలియదు బాబూ" అంది, కళ్ల వెంట నీళ్లు కారుతుండగా. "నాకు తెలియదు."

అమర్ ఇంకొంచెంసేపు చూశాడు. తరువాత భార్య చేతిలోంచి పిల్లను తీసుకుని భుజాన వేసుకున్నాడు. ఇద్దరూ బిర్సానగర్ ఆటో ఎక్కారు.